సింగ్‌నగర్‌లో హాలు ఖాళీగా ఉంది, పేదలకు చదువు చెప్పాలనుంది: ఎక్కడ మొదలుపెట్టాలి?

విజయవాడ సింగ్‌నగర్‌లో మీ ఇంటి కింద హాలు ఖాళీగా ఉందనీ, రిటైరైన నలుగురు స్నేహితులు కలిసి చుట్టుపక్కల పేదవాళ్లకు, పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ ఉచితంగా చదువు చెప్పాలనుకుంటున్నామనీ రాశారు. ఏ సిలబస్ చెప్పాలి, ఏ టైములో పెట్టాలి, సొసైటీ రిజిస్టర్ చేయించాలా అని అడిగారు. నేను సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో వాలంటీరుగా మొదలై, ఆ తర్వాత గుంటూరులోనూ, కొంతకాలం విజయవాడలోనూ ఇదే పని చేశాను. ఇప్పటికీ చేస్తున్నాను. మీరు అడిగిన వరసలో కాకుండా నాకు ముఖ్యమనిపించిన వరసలో చెబుతాను, ఏమీ అనుకోకండి.

ముందుగా ఒకటే మాట. ఇంకో బడి పెట్టకండి. మీ చుట్టూ అంగన్‌వాడీలున్నాయి, మున్సిపల్ బడులున్నాయి, ఓపెన్ స్కూలు స్టడీ సెంటర్లున్నాయి, కాస్త దూరంలో ఐటీఐ ఉంది. ఇవి లేక కాదు మన వాడల్లో జనం చదువుకు దూరమైంది. ఫారం నింపిపెట్టేవాళ్లు లేక, టీసీ రాక, ఆధార్‌లో పేరు తప్పు పడి, టైము కుదరక, ఒక్కసారి ఫెయిలైతే మళ్లీ రమ్మని పిలిచేవాళ్లు లేక దూరమయ్యారు. మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి, చేర్పించి, మధ్యలో మానకుండా కనిపెట్టుకుని ఉండే పని ఎవరూ చేయడం లేదు. మీ నలుగురూ అది పట్టుకోండి. అలా కాకుండా బెంచీలు వేయించి, బోర్డు కొట్టించి తరగతులు మొదలుపెడితే ఆర్నెల్లలో అది ఉచిత ట్యూషన్ సెంటరు అవుతుంది. ఉచిత ట్యూషన్‌కి ముందుగా వచ్చేది ఎవరంటే, ఇప్పటికే ఎంతో కొంత చదువుతున్న పిల్లలు, వాళ్లను బండి మీద దింపి వెళ్లగలిగే తల్లిదండ్రులు. మీరు ఎవరి కోసం అనుకున్నారో వాళ్లు మీ గుమ్మం దాకా కూడా రారు.

కాబట్టి బోర్డు తగిలించకముందు కొన్నాళ్లు ఊరికే తిరగండి. వాంబే కాలనీ, పాయకాపురం, ప్రకాష్‌నగర్, రాజీవ్‌నగర్ మీకు నడక దూరంలోనే ఉంటాయి. మీరు నేరుగా ఇళ్లకు వెళ్లి తలుపు తడితే లోను వాళ్లో, సర్వే వాళ్లో అనుకుంటారు. ముందు అంగన్‌వాడీ టీచరును కలవండి, డ్వాక్రా గ్రూపులు చూసే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్‌ను, అంటే ఆర్పీని కలవండి, ఆశా కార్యకర్తను కలవండి. ఏ ఇంట్లో పిల్లాడు బడి మానేశాడు, ఏ ఇంట్లో కోడలు తొమ్మిదో తరగతిలో పెళ్లయి వచ్చింది, ఏ ఇంట్లో ముసలాయన పెన్షన్ కాగితం పట్టుకుని తిరుగుతున్నాడు, ఇవన్నీ వాళ్ల నాలుక చివరన ఉంటాయి. వార్డు సచివాలయంలో ఎడ్యుకేషన్ చూసే ఉద్యోగి దగ్గర బడి బయటి పిల్లల లిస్టు కూడా ఉంటుంది. ఆ లిస్టు మీద పూర్తిగా ఆధారపడొద్దు. అందులో పేరున్న పిల్లాడు ఇల్లు మారి ఉంటాడు, లేనివాడు మీ వీధి చివర టీ కొట్టులో గ్లాసులు కడుగుతుంటాడు.

ఇక టైము సంగతి. మీరు ‘సాయంత్రం ఐదు నుంచి ఏడు’ అని రాశారు. అది మీకు వీలైన టైము. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు తెల్లారి ఆరింటికే వెళ్లి పదకొండు దాటాక వస్తారు, మళ్లీ నాలుగింటికి గిన్నెల పనికి వెళతారు. వాళ్లకు దొరికేది మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర. అదీ కుళాయి నీళ్లు ఆ టైముకు రాకపోతేనే. ఆటోనగర్‌లో లేతు మీద, వెల్డింగు షెడ్డులో పనిచేసే కుర్రాళ్లకు రాత్రి ఎనిమిది దాకా తీరిక ఉండదు. శనివారం సాయంత్రం వారం కూలి బట్వాడా, కాబట్టి ఆ రోజు తరగతి పెడితే గోడలకు పాఠం చెప్పుకోవాల్సిందే. ఆదివారం పదింటి తర్వాత వస్తారు. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదు, మన తరగతి కోసం వాళ్ల పనులూ ఆగవు. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా బ్యాంకు కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి గ్రంథాలయం నడిపించారు. పుస్తకం దగ్గరికి జనం రావాలని ఆయన కూర్చోలేదు, జనం తిరిగే కాలువ మీదికే పుస్తకాన్ని తీసుకెళ్లారు. మీరూ హాలుకే అంటిపెట్టుకోనక్కర్లేదు. ఆడవాళ్ల తరగతి కాలనీలో చెట్టు కిందో, అంగన్‌వాడీ గదిలో మధ్యాహ్నం పూటో పెట్టుకోవచ్చు. హాలును కాగితాల పనికీ, రాత్రి కుర్రాళ్లకూ ఉంచుకోండి.

పిల్లల విషయానికొస్తే, ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు మీ దగ్గర ‘చదువు చెప్పడం’ రెండో పని. మొదటి పని వాళ్లను బడిలో చేర్చడం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పుట్టినతేదీ కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. టీసీ ఆలస్యమైందని తిప్పి పంపకూడదు. పదకొండేళ్ల పిల్ల ఎప్పుడూ బడికి వెళ్లకపోయినా వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన చదువును ప్రత్యేక శిక్షణతో పూరించాలి. పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగా చదివించాలి. ఈ నాలుగు మాటలూ ఒక కాగితం మీద తెలుగులో రాసి జేబులో పెట్టుకోండి. హెడ్మాస్టరుతో వాదానికి కాదు, చాలామంది మంచివాళ్లే, గుర్తుచేస్తే చాలు.

అసలు చిక్కు వేరే చోట వస్తుంది. పిల్లాడు అంతకుముందు ఏదో చిన్న ప్రైవేటు స్కూల్లో చదివి ఉంటాడు. ఫీజు బకాయి ఉందని వాళ్లు టీసీ ఇవ్వరు. ఇవ్వకపోయినా ప్రభుత్వ బడి చేర్చుకుంటుంది కానీ, ఆన్‌లైన్‌లో ఆ పిల్లాడి పేరు పాత స్కూల్లోనే కూర్చుని ఉంటుంది. పాత స్కూలు వాళ్లు ఆ పేరును డ్రాప్‌బాక్స్‌లోకి (బడి వదిలిన పిల్లల ఆన్‌లైన్ జాబితాలోకి) వదిలితే తప్ప కొత్త బడి లాక్కోలేదు. పేరు ఎక్కకపోతే పుస్తకాల కిట్టు దగ్గర్నుంచి అన్నీ ఆగుతాయి. తల్లి నాలుగుసార్లు తిరిగి, కూలి పోగొట్టుకుని, విసిగిపోయి ‘వీడికి రాత లేదు’ అని ఊరుకుంటుంది. మీరు రిటైరైనవాళ్లు, అర్జీ రాయడం తెలిసినవాళ్లు, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో మీకు కుర్చీ వేస్తారు. అక్కడ కూర్చుని ఆ పేరు మార్పించి రండి. ఒక పిల్లాడికి మీరు ఏడాది పాటు ఎక్కాలు చెప్పినదానికంటే ఇది ఎక్కువ.

డబ్బు సంగతి కూడా తల్లితో నేరుగా మాట్లాడండి. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు 13 వేలు తల్లి ఖాతాలో పడుతున్నాయి, దానికి 75 శాతం హాజరు కావాలి. ఖాతాకు ఆధార్ లింకు కాక డబ్బు ఆగిపోయిన ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉంటాయి. ఆ లింకు చేయించిన మనిషి మాటకు ఇంట్లో విలువ ఉంటుంది. ‘అమ్మా, ఫిబ్రవరిలో పిల్లాణ్ని ఊరు తీసుకెళ్లకు, హాజరు పోతుంది’ అని ఆ తర్వాత చెబితే వింటారు.

బడికి వెళుతున్నా చదవడం రాని పిల్లలు ఇంకో రకం. వీళ్లే ఎక్కువ. ఆరో తరగతి పిల్ల చేతికి రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి ఒక పేరా చదవమనండి. ఒత్తులున్న మాట దగ్గర ఆగి, ముందు మాట చూసి ఊహించి చెప్పేస్తుంది. అలాంటి పిల్లలకు హోమ్‌వర్క్ చేయించడం దండగ. ఏ తరగతి అన్నది పక్కనపెట్టి, చదవగలిగిన మట్టాన్ని బట్టి కూర్చోబెట్టండి. అక్షరాలు వచ్చినవాళ్లు ఒకచోట, మాటలు చదివేవాళ్లు ఒకచోట, పేరా చదివేవాళ్లు ఒకచోట. రోజుకు గంట చాలు, అందులో సగం బయటికి చదివించడమే. ఏడో తరగతి పిల్లాడు మూడో తరగతి పిల్లతో కూర్చోవడానికి సిగ్గుపడతాడు. వాడికి కథ చదివి వినిపించే పని అప్పగించండి, చదువుకుని మరీ వస్తాడు. మాట్లాడటం, నడవడం, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలు కనబడితే సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రానికి తీసుకెళ్లండి. దానికి శిక్షణ పొందినవాళ్లు అక్కడుంటారు, మనం ప్రయోగాలు చేయకూడదు.

పనిలో ఉన్న పిల్లల దగ్గర కాస్త నిదానం అవసరం. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరమే. కొడుతున్నారనో, ఇంటికి పంపడం లేదనో తెలిస్తే ఆలోచించకుండా 1098కి ఫోన్ చేయండి. రైల్వేస్టేషన్‌లో ఒంటరిగా తిరుగుతూ కనబడ్డా అంతే. విజయవాడ పెద్ద జంక్షన్ కావడంతో ఇంటి నుంచి పారిపోయి వచ్చిన పిల్లలు ఇక్కడ దిగడం ఎప్పటినుంచో ఉంది. నవజీవన్ బాలభవన్ లాంటి సంస్థలు ఇక్కడ పుట్టింది అందుకే. కానీ సొంత మేనమామ షెడ్డులో సాయం చేస్తున్న పదమూడేళ్ల పిల్లాడి విషయంలో ముందు ఇంటికి వెళ్లి మాట్లాడండి. చాలాసార్లు అక్కడ ఉన్నది పేదరికం కంటే కూడా ‘వాడికి చదువు అబ్బలేదండీ’ అన్న నిరాశే.

ఇప్పుడు మీ నలుగురి సమయం ఎక్కువ పెట్టదగ్గ చోటు చెబుతాను. పదిహేను నుంచి ముప్ఫై అయిదేళ్ల మధ్యవాళ్లు. టెన్త్ ఫెయిలైన కుర్రాళ్లు, ఎనిమిదిలో మానిపించి పెళ్లి చేసిన అమ్మాయిలు. వీళ్లకు బడి తలుపు మూసుకుపోయింది, వయోజన విద్యకు పిలిస్తే నామోషీ. వీళ్లకున్న దారి ఏపీ ఓపెన్ స్కూలు. 1991 నుంచి ఉంది. పదో తరగతికి కనీసం పద్నాలుగేళ్లు, ఇంటర్‌కు పదిహేనేళ్లు నిండాలి, పైన వయసు పరిమితి లేదు. పదికి కట్టడానికి అంతకుముందు ఏ తరగతి పాసైన కాగితమూ అక్కర్లేదు, చదవడం రాయడం వస్తే చాలు. ఆ సర్టిఫికెట్టు మామూలు టెన్త్‌తో సమానం. ఒకసారి చేరితే అయిదేళ్ల దాకా చెల్లుతుంది, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కర్లేదు.

ఈ ఆఖరి మాట చాలామందికి తెలియదు. తెలిసినా వాడుకోరు. అయిదు సబ్జెక్టులూ ఒకేసారి రాసి, మూడింట్లో పోయి, అవమానం అనుకుని వదిలేస్తారు. గుంటూరులో మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో ఎక్కువమంది మిర్చి పనికి వెళతారు. పరీక్షలు మార్చిలో వస్తాయి. యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) కొండల్లా పేరుకుని, తొడిమలు తీసే చోట్ల కిలోకింత అని కూలి దొరికేదీ అప్పుడే. ఏడాది మొత్తం మీద నాలుగు రూపాయలు వెనకేసుకునే నెల అది. ఆ నెలలో అయిదు పరీక్షలు రాయమనడం అన్యాయం. అందుకని తెలుగూ సోషలూ లాంటి రెండు ఈసారి, సప్లిమెంటరీలో ఒకటి, మిగిలినవి మరుసటి ఏడు అని ముందే ముక్కలు చేసుకుంటాం. రెండు పాసైన కాగితం చేతికొస్తే మనిషి నడక మారుతుంది, మూడోది తనే అడుగుతుంది. మీ దగ్గర మిర్చి ఉండదు కానీ పెళ్లిళ్ల సీజను ఉంటుంది. క్యాటరింగ్‌కు వెళ్లే కుర్రాళ్లు, బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో నిలబడే అమ్మాయిలు దసరా నుంచి సంక్రాంతి దాకా దొరకరు. ముందుగా అడిగి తెలుసుకుని లెక్క వేసుకోండి.

సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. లెక్కలంటే భయం కాబట్టి వదిలేసి, తేలికైనవి పెట్టుకోమని చెప్పేవాళ్లు ఉంటారు. నలభై ఏళ్ల అంగన్‌వాడీ ఆయాకు పదో తరగతి కాగితం ఉంటే చాలనుకుంటే అది మంచి సలహానే. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి మాత్రం అలా చెప్పకండి, రేపు పాలిటెక్నిక్ అన్నా, ఐటీఐలో మంచి ట్రేడ్ అన్నా లెక్కలూ సైన్సూ అడుగుతారు. ఇంకొకటి, చేరే రోజునే పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో అక్షరం అక్షరం చూడండి. పదో తరగతి మెమోలో ఏది అచ్చయితే జన్మంతా అదే. తర్వాత మార్చుకోవడం తలకు మించిన పని. వరదలో కాగితాలు పోయినవాళ్లు మీ వైపు చాలామంది ఉంటారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు బీరువాల్లో ఉన్నవి కూడా ముద్దయిపోయాయి. ముందు డిజిలాకర్‌లో వెతకండి. దొరక్కపోతే చదివిన బడి హెడ్మాస్టరు ద్వారా డూప్లికేట్ మెమోకు అర్జీ పెట్టించండి. ఎవరికి ఏ కాగితం పోయిందో ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వెళితే మీ హాలుకు మొదటి నెల పని అదే అవుతుంది.

ఫీజు విషయంలో ఒక హెచ్చరిక. ‘పాస్ గ్యారంటీ’ అని ఎక్కువ డబ్బు అడిగే దళారీలు ప్రతిచోటా ఉన్నారు. కరెంటు స్తంభాల మీద ‘ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ’ అని అంటించిన కాగితాలు మీరూ చూసే ఉంటారు. ఆ సర్టిఫికెట్లు ఉద్యోగంలో వెరిఫికేషన్‌కు వెళ్లిన రోజున బయటపడతాయి, అప్పుడు పోయేది దళారీ కాదు. ఫీజు ఆన్‌లైన్‌లో మీ కళ్లముందే కట్టించి రశీదు ఆ మనిషి చేతికే ఇవ్వండి. డిగ్రీ చదవాలనుకునేవాళ్లకు మన మధ్యనే నాగార్జున యూనివర్సిటీ దూరవిద్య ఉంది, విజయవాడలో ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ ఏడాది ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్య గుర్తింపు ఉందో లేదో చూసి కట్టించండి. పదో తరగతికి కూడా ఇంకా అందని పెద్దవాళ్లకు జాతీయ ఓపెన్ స్కూలులో మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన మెట్లు ఉన్నాయి. చదువు కంటే పనే ముఖ్యమనే వాళ్లకు జన శిక్షణ సంస్థాన్‌లలో పదిహేను నుంచి నలభై అయిదేళ్ల వాళ్లకు కుట్టుపని, ఎలక్ట్రికల్ లాంటివి నేర్పుతారు. చదువు రానివాళ్లు, మధ్యలో మానేసినవాళ్ల కోసమే అవి పెట్టింది.

అసలు అక్షరాలే రాని ఆడవాళ్ల తరగతి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రిటైరైన మేష్టార్లు ఎక్కువగా చతికిలపడేది ఇక్కడే. 2011 జనాభా లెక్కల్లో గుంటూరు జిల్లా అక్షరాస్యత 67 శాతం పైచిలుకు మాత్రమే. ఆ మిగిలినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లకు ‘అ అంటే అమ్మ’ అని మొదలుపెడితే మూడో రోజుకు సగంమంది తగ్గుతారు. యాభై ఆరు అక్షరాల వరస చూపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ముందు తన పేరు, తర్వాత కొడుకు పేరు, తర్వాత ఎక్కే బస్సు బోర్డు మీద మాట. మీ దగ్గరయితే ‘పైపుల రోడ్డు’ అన్న బోర్డుతోనే మొదలుపెట్టొచ్చు, ఓ నాలుగైదు అక్షరాలు అక్కడే దొరుకుతాయి. గుణింతం కూడా పుస్తకం వరసలో వద్దు, వాళ్లకు కావలసిన మాటలో ఏ గుణింతం వస్తే అది.

నోటుబుక్కులు కొనిపెడదామని దాతలు వస్తారు. మొదటి ఆర్నెల్లూ పలకలే అడగండి. మిర్చి తొడిమలు తీసి వచ్చిన చేతులు మండుతుంటాయి, మంటకు కొబ్బరినూనె రాసుకుని వస్తారు. ఆ వేళ్లతో కాగితం ముట్టుకుంటే నూనె మరక పడుతుంది, ‘పుస్తకం పాడు చేశాను’ అని బెంగ పెట్టుకుని మరుసటి రోజు పుస్తకం తెరవరు. పలకైతే తుడిచేయొచ్చు, తప్పు రాసింది పక్కామె చూసేలోపే మాయమవుతుంది. పలక ఇచ్చాక ఇంకొకటి గమనించండి. ఎవరైనా దాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి చూస్తుంటే ఆమెకు అక్షరాలు రాక కాదు, దగ్గరచూపు ఆనక. నలభై దాటిన ఎవరికైనా చదువు మొదలుపెట్టేముందు కళ్లు చూపించాలి. తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, గుంటూరు దారిలో పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది, ప్రభుత్వాసుపత్రి ఎలాగూ ఉంది. కళ్లజోడు పెట్టుకున్న వారం రోజుల్లోనే ‘నాకు బుర్రలేదండీ’ అన్నావిడ వార్తాపత్రిక హెడ్డింగు కూడబలుక్కుంటూ ఉంటుంది.

లెక్కల దగ్గర మాత్రం వాళ్లే మనకు గురువులు. నోటి లెక్కలో వాళ్లను మించినవాళ్లు లేరు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి ఇరవై నాలుగని కాలుక్యులేటర్ లేకుండా చెబుతారు. వాళ్లకు కూడికలు నేర్పబోవడం నవ్వులపాలు. వాళ్లకు తెలిసిన లెక్కను కాగితం మీద పెట్టడం నేర్పండి. నేను ఎక్కువగా డైలీ ఫైనాన్స్ లెక్క వేయిస్తాను. పదివేలు అప్పు అని చెప్పి, ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తాడు. ‘పదిహేను వందలే కదమ్మా, పోనీలే’ అంటారు. అప్పుడు పలక మీద రాయిస్తాను, పదో రోజుకు నీ దగ్గర ఎంత మిగిలింది, యాభయ్యో రోజుకు ఎంత, తొంభయ్యో రోజుకు ఎంత. రోజూ కడుతున్నాం కాబట్టి మొత్తం మీద సగటున వాళ్ల చేతిలో ఉన్నది నాలుగు వేల పైచిలుకే. దాని మీద మూడు నెలల పది రోజులకు పదిహేను వందలు. నెలకు నూటికి పది రూపాయల వడ్డీ దాటుతోందని తేలేసరికి గది గదంతా గోల. ‘డ్వాక్రాలో రూపాయి వడ్డీకి దొరుకుతుంటే వాడి దగ్గరికి ఎందుకెళ్లామే’ అని ఒకరినొకరు తిట్టుకుంటారు. ఆ రోజు పాఠం ఎవరూ మరచిపోరు. నెల్లూరు జిల్లా దూబగుంటలో తొంభైల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లింది ఇలాంటి పాఠాల వల్లే. చదువు బతుకులోకి దిగితే వాళ్లే దాన్ని పట్టుకుపోతారు.

గుంటూరుకు ఇది కొత్తేమీ కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో ఇక్కడ శారదా నికేతనం పెట్టి, ఆసరా లేని ఆడవాళ్లకు చదువుతోపాటు చేతిపనీ నేర్పించారు. చదువుతోపాటు చేతికి ఏదో ఒకటి దొరకాలన్న సంగతి వాళ్లకు అప్పుడే తెలుసు.

ప్రభుత్వం వైపు నుంచి పెద్దల కోసం ఇప్పుడున్నది ఉల్లాస్ కార్యక్రమం. పదిహేనేళ్లు దాటి చదవడం రాయడం రానివాళ్ల కోసం 2022 నుంచి అయిదేళ్లకని పెట్టారు. వాలంటీర్ల మీదే నడుస్తుంది, మీరు నలుగురూ వాలంటీర్లుగా పేరు నమోదు చేసుకోవచ్చు. చివర్లో చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోటి 50 మార్కుల చొప్పున 150 మార్కులకు పరీక్ష, సర్టిఫికెట్టు ఉంటాయి. పరీక్ష అనగానే బామ్మలకు టెన్షన్. కానీ సర్టిఫికెట్టు మీద తన పేరు తనే చదువుకున్న రోజున మనవళ్లకు చూపించడానికి పరుగెడతారు, అది కూడా నిజమే. కార్యక్రమం పేరు ప్రభుత్వాన్ని బట్టి మారుతుంటుంది, సాక్షర భారత్ 2009లో వచ్చి 2018లో ఆగింది, ఇప్పుడు ఇది. పథకం మారినా మీ తరగతి ఆగకుండా చూసుకోండి, దాని కోసం తరగతి పెట్టకండి.

ఎవరు చెప్పాలి అన్నది అన్నిటికంటే కష్టం. మీ నలుగురికీ నా సలహా నచ్చకపోవచ్చు, మీరు పాఠం చెప్పకండి. ఆ కాలనీలోనే ఇంటరో డిగ్రీయో చదివి, పెళ్లయి ఇంట్లో ఉన్న కోడళ్లు ఉంటారు. ఒకరిద్దరిని వెతికి, నెలకు ఇంత అని జీతం ఇచ్చి పెట్టుకోండి. ఆమె భాష వాళ్ల భాష, ఆమె రాకపోతే ఇంటికి వెళ్లి పిలుచుకొస్తారు, ఎవరైనా రాకపోతే ఆమె వెళ్లి పిలుస్తుంది. మీరు ‘సారూ’ అయితే మీ ముందు తప్పు చదవడానికి సిగ్గు. మీరు ఆఫీసుల చుట్టూ తిరగండి, అది ఆమె చేయలేనిది. కాలేజీ విద్యార్థులు కూడా వస్తామంటారు. వాళ్లకు కావలసింది సర్వీస్ సర్టిఫికెట్టు, సెమిస్టర్ పరీక్షలకు మాయమవుతారు. పిల్లలకు కథలు చదవడం, ఫోన్‌లో అప్లికేషన్లు నింపడం లాంటివి వాళ్లకివ్వండి, తరగతి వాళ్ల మీద నిలబెట్టకండి.

హాలుకు సంబంధించి మూడు సంగతులు. బాత్రూమ్ తాళంచెవి ఎప్పుడూ తరగతిలోనే ఉండాలి, పై ఇంటికి వెళ్లి అడగాల్సి వస్తే ఆడవాళ్లు ఆ తరగతికే రారు. పిల్లలున్నప్పుడు ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపు తీసే ఉండాలి, మనం ఎంత మంచివాళ్లమైనా సరే. ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టడం మానుకోండి. ముఖ్యంగా బట్టలో పుస్తకాలో పంచేటప్పుడు. అరవై ఏళ్ల మనిషి వేలిముద్ర వేస్తున్న ఫొటో ఆమె వియ్యపురాలి ఫోన్‌లోకి వెళుతుంది.

రిజిస్ట్రేషన్ గురించి అడిగారు. ఇప్పుడే వద్దు. ఏపీ సొసైటీల చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, మీరు నలుగురే. మిగతా ముగ్గురి కోసం వెతికితే పదవుల కోసం వచ్చేవాళ్లు దొరుకుతారు. టీచరు జీతం మీ పెన్షన్లలోంచి తలా కొంత వేసుకుని ఒక విద్యా సంవత్సరం నడపండి. బయటి నుంచి విరాళాలు తీసుకోవలసి వచ్చినప్పుడు ట్రస్టో సొసైటీయో, దాంతోపాటు ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లూ చూసుకోవచ్చు. ఈలోగా డబ్బు లెక్క ఒక పుస్తకంలో రాసి హాల్లోనే పెట్టండి, వచ్చిన ఎవరైనా తిరగేసేలా.

రాష్ట్రంలో బడులు జూన్ 12న తెరుస్తారు, ఓపెన్ స్కూలు అడ్మిషన్లు ఆ తర్వాత వస్తాయి. కాబట్టి ఏప్రిల్, మే నెలలు తిరగడానికీ, పోయిన కాగితాలు రాబట్టడానికీ పెట్టుకోండి. మే ఎండల్లో వాంబే కాలనీలో తిరగడం మన వయసువాళ్లకు కష్టమే, పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఆరు తర్వాత చూసుకోండి. మీ కాలనీలో ఉర్దూ మీడియం పిల్లలు ఎంతమంది ఉన్నారో, ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబాలు దగ్గర్లో ఏమైనా ఉన్నాయో చూసి ఇక్కడే రాయండి. వాళ్లకు భాష, సీజన్ రెండూ వేరు కాబట్టి చెప్పాల్సింది వేరే ఉంది.